బొమ్మల చాపకీ పోటీ పరీక్షల బల్లకీ మధ్య: తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు శాఖా గ్రంథాలయం

సాయంత్రం నాలుగున్నరకు మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో అడుగుపెడితే కనిపించేది చాలాచోట్ల ఒకటే. గుమ్మం పక్కన పొడవాటి బల్ల, దాని మీద దినపత్రికలు, చుట్టూ రిటైరైన పెద్దమనుషులు. లోపలి హాలంతా గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదువుకునేవాళ్లది. మనిషి లేని కుర్చీలో నీళ్ల సీసానో బ్యాగో కూర్చుని ఉంటుంది. ఓ మూలన పిల్లల విభాగం: అడుగున్నర ఎత్తు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు అక్షరమాల చార్టు, పక్కన ఏనుగు బొమ్మ. ఆరో తరగతి పిల్లవాడు ఆ కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. హాల్లోకి వెళితే నలుగురు తలెత్తి చూస్తారు. కాసేపు నిలబడి క్రికెట్ పేజీ చూసి వెళ్లిపోతాడు. వాణ్ణి ఎవరూ పొమ్మనలేదు, అలాగని రమ్మన్నవాళ్లూ లేరు.

నాలుగో తరగతి నుంచి ఏడో తరగతి దాకా, అంటే తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల సంగతి ఇది. ఇంగ్లిష్ మాట్లాడే దేశాల గ్రంథాలయాల్లో వీళ్లను ‘ట్వీన్స్’ అని విడిగా లెక్కపెడతారు. మన దగ్గర వీళ్లకు వేరే పేరు లేదు, వేరే అర కూడా లేదు. లేకపోవడం వల్ల నష్టం ఈ వయసులోనే ఎక్కువ. మూడో తరగతి దాకా పిల్లలు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటారు. నాలుగు దాటాక సైన్సు, సోషల్, లెక్కల్లో మాటల ప్రశ్నలు, అన్నీ చదివి అర్థం చేసుకోవలసినవే. చదువు ధారాళంగా రానివాడు అక్కడితో అన్ని సబ్జెక్టుల్లోనూ వెనకబడతాడు. 2022 నాటి ‘అసర్’ గ్రామీణ సర్వే ప్రకారం దేశంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతం. 2018లో ఆ సంఖ్య 50.5.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి తోడు మరొకటి ఉంది. ప్రభుత్వ బడులు కూడా ఇంగ్లిష్ మీడియం వైపు మళ్లాయి. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉండే జంట పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పరీక్షతో పనిలేని తెలుగు పుస్తకం చేతికందే చోటు, బడి లైబ్రరీ బీరువా తాళం తీయని ఊళ్లలో, శాఖా గ్రంథాలయం ఒక్కటే.

బీరువా తాళం వెనక ఉన్న భయం

పిల్లలు రావడం లేదంటే పుస్తకాలు లేకనే అని చాలామంది అనుకుంటారు. చాలా శాఖల్లో పుస్తకాలున్నాయి, బీరువాలో ఉన్నాయి. తాళం లైబ్రేరియన్ సొరుగులో ఉంది. తాళం ఎందుకు వేశారంటే, పుస్తకం పోతే సమాధానం చెప్పుకోవలసింది ఆ లైబ్రేరియనే. తనిఖీలో లెక్క తగ్గితే మెమో వస్తుంది, బదిలీ అయ్యేటప్పుడు బాధ్యతల అప్పగింత ఆగిపోతుంది, కొన్నిచోట్ల జీతంలోంచి రికవరీ దాకా వెళుతుంది. ఇంత బరువు నెత్తిన పెట్టుకుని పదేళ్ల పిల్లవాడి చేతికి పుస్తకం ఇచ్చి ఇంటికి పంపమంటే ఎవరు పంపుతారు? ‘ఇక్కడే కూర్చుని చదువుకో’ అంటారు. పిల్లవాడి బెరుకుకైనా, లైబ్రేరియన్ జాగ్రత్తకైనా మూలం ఈ ఒక్కచోటే ఉంది.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లో 215వ నియమం దీనికి ఒక కొలత ఇచ్చింది. ఏడాదిలో ఇచ్చిన, లేదా లోపల చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే అది సహజ నష్టమే. నిర్లక్ష్యమో మోసమో ఉంటే తప్ప ఎవరినీ బాధ్యుల్ని చేయనక్కర్లేదు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం గానీ, అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం విచారణ తప్పదు. ఈ శాఖలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థలు రాష్ట్ర చట్టం కింద నడుస్తాయి కాబట్టి కేంద్ర నియమం వాటికి నేరుగా వర్తించదు. అయినా సంస్థ స్థాయిలో తీర్మానం చేసుకోవడానికి ఇంతకంటే గట్టి ఆధారం దొరకదు.

లెక్క వేసి చూడండి. వంద మంది పిల్లలు, పదిహేను రోజులకు తలా రెండు పుస్తకాలు. ఏడాదికి 26 విడతలు, అంటే 5,200 ఇచ్చివేతలు. వెయ్యికి అయిదు చొప్పున 26 పుస్తకాలు పోవచ్చు. పిల్లల తెలుగు పుస్తకం సగటున 60 రూపాయలనుకుంటే నష్టం 1,560. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల ఫ్లెక్సీకీ, శాలువాలకీ అయ్యే ఖర్చు దీనికి తక్కువేమీ ఉండదు. ఒక పేజీ తీర్మానంతో ఈ 26 పుస్తకాలను నష్టం కింద ముందే రాసేసుకుంటే తాళం తీయడానికి లైబ్రేరియన్‌కు ధైర్యం వస్తుంది. అది చేయకుండా పిల్లల విభాగం గోడలకు ఎన్ని రంగులు వేసినా పుస్తకం బీరువా దాటదు. ‘పుస్తకాలు ఉపయోగించడానికే’ అనేది 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిది. తెలుగునాట గ్రంథాలయాధికారి పరీక్ష రాసిన ప్రతివారికీ అది కంఠతా వచ్చు.

సభ్యత్వం రెండో అడ్డంకి. డిపాజిట్టు, తల్లిదండ్రుల సంతకం, ఆధార్ నకలు, కొన్నిచోట్ల పూచీదారు సంతకం కూడా. కూలికి వెళ్లే తల్లి సాయంత్రం ఆరు దాటాక ఇంటికి వస్తుంది, గ్రంథాలయం ఏడింటికి మూస్తారు. ఫారం పిల్లవాడి సంచిలోనే నలిగిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. ప్రధానోపాధ్యాయుడు ఒకే జాబితా మీద సంతకం చేసి తరగతి మొత్తానికి పూచీ ఉండటం మొదటిది. రెండోది పుస్తక నిక్షిప్త కేంద్రం పద్ధతి: నలభై పుస్తకాల పెట్టె బడికి వెళుతుంది, నెల తర్వాత అది వెనక్కి వచ్చి ఇంకో పెట్టె వెళుతుంది. పెట్టె మూత లోపలివైపు జాబితా అతికించాలి. లేకపోతే నలభై వెళ్లి ముప్ఫై అయిదు వస్తాయి, ఆ అయిదు ఏవో ఎవరికీ తెలియదు. పెట్టెలో చీటీ ఒకటి పెట్టి, ‘మిగతావి మా దగ్గర ఉన్నాయి, సాయంత్రం వచ్చి తీసుకోండి’ అని రాస్తే బడి నుంచి గ్రంథాలయానికి బాట పడుతుంది.

వీపు లేని పుస్తకాలు

అర్ధంతరంగా కనిపించినా ఇక్కడ పుస్తకాల ఆకారం గురించి చెప్పుకోవాలి. తెలుగులో ఈ వయసు వాళ్లకు వచ్చే పుస్తకాల్లో ఎక్కువ భాగం 16, 24, 32 పేజీల పలచటి పుస్తకాలు, మధ్యలో రెండు పిన్నులు. వీటికి వీపు, అంటే పేరు అచ్చువేయడానికి వీలైన మందపాటి అంచు, ఉండదు. లావు పుస్తకాల్లా అరలో నిలబెడితే పేరు కనబడదు, రంగు కనబడదు, తెల్లటి అంచుల వరుస మాత్రం కనిపిస్తుంది. పిల్లవాడు ఒకదాన్ని లాగితే పక్కనున్న నాలుగు కిందపడతాయి. వాడు భయపడి మళ్లీ ముట్టుకోడు. పిల్లల పుస్తకాల ర్యాకు ముట్టకుండా ఉందంటే సగం సార్లు కారణం ఇదే.

కూరగాయల దుకాణంలో వాడే ప్లాస్టిక్ క్రేటు దీనికి చాలా బాగా పనికొస్తుంది. పుస్తకాలను అట్ట ముందుకు కనిపించేలా నిలబెట్టి, క్రేటుకు నలభై మించకుండా పెట్టాలి. పిల్లలు వేళ్లతో ఒక్కొక్కటీ ముందుకు వాలుస్తూ అట్టలు చూసుకుంటారు. క్రేటు నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తున్న బెంచీ మీద ఉండాలి. నేల మీద ఉంటే ఏడో తరగతి పిల్ల వంగదు, అది చిన్నపిల్లల పని అనుకుంటుంది. లావు పుస్తకాలకు నాలుగున్నర అడుగులు మించని ర్యాకు చాలు. ప్రతి అరలోనూ చివర రెండు పుస్తకాలు అట్ట కనిపించేలా తిప్పి పెట్టాలి. అవి ఎవరైనా తీసుకెళితే ఆ ఖాళీలో అదే రోజు వేరేవి పెట్టాలి.

ర్యాకు మీద ‘పిల్లల విభాగం’ అని రాయకూడదు. పదకొండేళ్లవాడు ఆ బోర్డు కింద నిలబడటానికి సిగ్గుపడతాడు. ‘4 నుంచి 7’ అని రాసినా పొరపాటే. ఏడో తరగతిలో ఉండి మూడో తరగతి చదువు మాత్రమే వచ్చినవాడికి ఆ అంకె చెంపదెబ్బలా తగులుతుంది. విషయం పేరు రాయండి: ‘భయం కథలు’, ‘నక్షత్రాలు, గ్రహాలు’, ‘ఆటగాళ్లు’, ‘పొడుపు కథలు, చిక్కుముడులు’, ‘చేసి చూద్దాం’. విషయాన్ని బట్టి వేసే డ్యూయీ వర్గీకరణ అంకెలు పుస్తకం మీద ఉంటాయి గనుక రిజిస్టరుకేమీ లోటు రాదు. ఖగోళం 523లో, పక్షులు 598లో, జానపద కథలు 398లో, వంట 641.5లో ఎలాగూ ఉంటాయి. పిల్లలు అంకెలు నేర్చుకుంటారు, కానీ రెండో నెలలో. మొదటి రోజు వాళ్లను రప్పించేది పేరే.

ఏవి కొనాలి, ఏవి తీసెయ్యాలి

అరవై మంది పిల్లలతో మొదలుపెట్టడానికి మూడు వందల పుస్తకాలు కావాలి, తలా అయిదు. అందరి చేతుల్లో రెండేసి ఉన్నా ఎంచుకోవడానికి మిగలాలంటే అంతకు తగ్గకూడదు. ఆచరణలో నిలిచే పంపకం సుమారుగా ఇలా ఉంటుంది: కథలు 110, సైన్సు, జంతువులు, భూగోళం కలిపి 70, బొమ్మల కథలు 40, జీవితచరిత్రలూ ఆటలూ 30, పొడుపు కథలూ పజిళ్లూ చేతిపనులూ 30, తెలుగు–ఇంగ్లిష్ రెండు భాషలవి 20. ఒక్కోటి ఒక కాపీ చాలు. అందరూ అడిగేవాటికి మాత్రం మూడు. ఒకే నీతికథల పుస్తకం పది కాపీలు వచ్చి పడే ఊళ్లున్నాయి. అవి మార్చుకోవడానికి పక్క మండలం లైబ్రేరియన్‌కు ఒక ఫోను చేస్తే సరిపోతుంది, అయినా ఆ పని ఎవరూ చేయరు.

నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం, చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు, సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ సంస్థ, ప్రథమ్ బుక్స్ ప్రచురణల్లో ఈ వయసుకు సరిపోయేవి చాలానే ఉన్నాయి. చాలావరకు వంద రూపాయల లోపే. ప్రథమ్ వారి వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచిత లైసెన్సుతో ఉంటాయి గనుక అచ్చు వేసుకోవచ్చు. ఏ4 కాగితాలు నాలుగు, రెండు వైపులా ముద్రించి మడిస్తే 16 పేజీల పుస్తకం. బొమ్మలు రంగుల్లో ఉంటేనే పిల్లలు తీసుకుంటారు, నలుపు తెలుపు జిరాక్సును హోంవర్కు అనుకుంటారు. నిధుల మాటకొస్తే, కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్‌కు పిల్లల విభాగాల కోసం సాయం చేసే పథకం ఉంది. ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వచ్చే గ్రంథాలయ సెస్సు సంస్థల ప్రధాన ఆదాయం. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును సకాలంలో జమ చేయకపోవడం పాత జబ్బే. ఆ బకాయిల కథ ఈ వ్యాసంలో ఇమడదు.

కొనేముందు ప్రతి పుస్తకాన్నీ మధ్యలో తెరిచి చూడాలి. తెలుగు అచ్చులో చిక్కంతా వత్తుల దగ్గర. పై వరుసలో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుసలోని గుడులు పైకి లేస్తాయి. వరుసల మధ్య ఎడం తక్కువైతే రెండూ ఢీకొంటాయి. పెద్దవాళ్ల కన్ను దాటేస్తుంది గానీ నాలుగో తరగతి కన్ను అక్కడే ఆగుతుంది. అక్షరం 14 పాయింట్లకు తగ్గకుండా, వరుసల ఎడం దానికి ఒకటిన్నర రెట్లు ఉంటే మేలు. ఇక భాష. పాత పురాణ సంగ్రహాలు పిల్లలవే అని రాసి ఉన్నా, ‘పలుకనారంభించెను’ అనే వాక్యాలతో మొదలైతే అవి పెద్దల అరలోకే వెళ్లాలి.

తీసెయ్యడం కొనడమంత ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌కు 23 జిల్లాలని చెప్పే క్విజ్ పుస్తకం 2014 నుంచీ తప్పు. గ్రహాలు తొమ్మిది అని రాసిన సైన్సు పుస్తకం 2006 నుంచీ తప్పు. ఇవి అరలో ఉంటే పిల్లవాడు బడిలో తప్పు చెప్పి నవ్వులపాలవుతాడు, ఆ కోపం గ్రంథాలయం మీదికి వస్తుంది. చెదలు తిన్నవి, పేజీలు లేనివి, పాత గైడ్లు, టెస్టు పేపర్లు కూడా అంతే. దాతలు ఇచ్చే అట్టపెట్టెల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. వద్దనడానికి మొహమాటపడేవాళ్లు ‘మాకు పనికిరానివి వేరేవాళ్లకు పంపిస్తాం’ అని ముందే ఒక మాట అనుకుని తీసుకోవడం మంచిది.

ఏ గంట వాళ్లది

హాల్లో పరీక్షలకు చదివేవాళ్లకు నిశ్శబ్దం కావాలి. వాళ్ల అవసరం తక్కువదేమీ కాదు, ఉద్యోగం మీద ఒక కుటుంబం ఆశలు పెట్టుకుని ఉంటుంది. పిల్లలకు మాట కావాలి. ఒకే గదిలో ఈ రెండూ కుదరవు. విడి గది ఉంటే సరే. లేకపోతే వరండా, అదీ లేకపోతే గంట. చాలా శాఖలు ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 తెరిచి ఉంటాయి, శుక్రవారం సెలవు. కాబట్టి ఆదివారం తెరిచే ఉంటుంది, ఇది పిల్లలకు అచ్చివచ్చిన ఏర్పాటు. మామూలు రోజుల్లో బడి వదిలాక, ట్యూషన్‌కు ముందు, నాలుగున్నర నుంచి అయిదున్నర దాకా దొరుకుతుంది. ‘మంగళ, గురువారాల్లో నాలుగున్నర నుంచి గంటసేపు ఇక్కడ మాటలు వినిపిస్తాయి’ అని హాలు గుమ్మం మీద రాసిపెడితే ఫిర్యాదులు సగం తగ్గుతాయి. తెలియకుండా మొదలైన చప్పుడే జనానికి ఎక్కువ చికాకు.

నవంబరు, డిసెంబరుల్లో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. ఆరో తరగతి దాటిన ఆడపిల్లను చీకటి పడ్డాక గ్రంథాలయానికి పంపే ఇల్లు తక్కువ. చలికాలంలో ఆ గంటను పావుగంట ముందే మొదలుపెట్టకపోతే ఆడపిల్లల సంఖ్య మెల్లగా సున్నాకు వస్తుంది. ఆసక్తి తగ్గిందని నివేదికలో రాసుకుంటారు. మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ లేకపోయినా అదే ఫలితం. ఎనభై రూపాయల గడియ వేయించడం పది పుస్తకాలు కొనడం కన్నా ముందు చేయవలసిన పని. ఈ వయసు ఆడపిల్లలకు శరీరంలో వచ్చే మార్పుల గురించిన పుస్తకాలు సైన్సు అరలో, అడగకుండా తీసుకునేలా ఉండాలి. ‘ఇది నీకెందుకు?’ అనే ప్రశ్న ఒక్కసారి పడితే చాలు, ఆ అర దగ్గరికి ఇంకెవ్వరూ వెళ్లరు.

ఆ గంటలో ఏం చేయాలి? మొదటి పది నిమిషాలు పాతవి తిరిగి ఇవ్వడం, కొత్తవి తిరగేయడం. తర్వాత పదిహేను నిమిషాలు ఒక పెద్ద కథలో ఒక భాగం పైకి చదవడం, సరిగ్గా తలుపు తట్టిన చప్పుడు దగ్గర ఆపేయడం. ఏడో తరగతి పిల్లలు కూడా వింటారు, వినడం లేదన్నట్టు మొహం పెట్టి వింటారు. ఆ తర్వాత పాతిక నిమిషాలు చేతిపని: ఊరి పటం గీయడం, ఇంట్లో నాయనమ్మను అడిగి తెచ్చిన పొడుపు కథలను కార్డుల మీద రాయడం, గోడపత్రిక దిద్దడం. చివరి పది నిమిషాలు పుస్తకాలు రాసివ్వడం. ఒక్కరే ఉంటే ఇరవై మందికి మించి కూర్చోబెట్టకూడదు. ముప్ఫై అయితే చేతిపని దగ్గర కత్తెర కోసం కొట్లాట మొదలవుతుంది, పుస్తకాలు రాసే టైము దానికే పోతుంది.

కథ అయ్యాక ‘దీనివల్ల మనం తెలుసుకున్న నీతి ఏమిటి?’ అని అడగడం మన అలవాటు. ఈ వయసులో ఆ ప్రశ్న కథను చంపేస్తుంది. ‘నువ్వయితే తలుపు తీసేవాడివా?’ అని అడిగితే పదిమంది ఒక్కసారే మాట్లాడతారు. అలాగే ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు బహుమతి అన్నారంటే, మర్నాటి నుంచి అందరూ ఎనిమిది పేజీల పుస్తకాలే పట్టుకెళతారు. లెక్క పెట్టక తప్పదనుకుంటే ఇరవై నిమిషాల చదువుకు ఒక గడి చొప్పున నింపే కార్డు ఇవ్వండి. లావు పుస్తకం చదివేవాడికి అన్యాయం జరగదు, మెల్లగా చదివేవాడికి కూడా.

వేసవిలో లెక్క మారుతుంది. ఏప్రిల్ చివరి నుంచి జూన్ 12 దాకా బడులుండవు, సాయంత్రం నాలుగింటికి కూడా రోడ్డు కాలుతుంటుంది. శిబిరం ఏదైనా ఉదయం ఎనిమిదికి మొదలై పదిన్నరకు ముగియాలి. మంచినీళ్ల కుండ, రెండు ఫ్యాన్లు, అంతే. నలభై రోజుల శిబిరంలో రోజూ అతిథి ప్రసంగాలు పెడితే రెండో వారానికి పిల్లలు సగమవుతారు. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే వారోత్సవాలదీ అదే రోగం: వ్యాసరచన, వక్తృత్వం, బహుమతులు, ఫొటో. ఆ వారంలో పోటీకి వచ్చిన ప్రతి పిల్లకూ సభ్యత్వ కార్డు చేతిలో పెట్టి పంపగలిగితే, డిసెంబరులో ఎంతమంది తిరిగి వచ్చారో చూసి ఆ వారం పనికొచ్చిందో లేదో చెప్పొచ్చు.

కౌంటరు దగ్గర

తల్లి వెంట వచ్చిన పిల్ల విషయంలో జరిగే పొరపాటు ఒకటుంది. తల్లి అడుగుతుంది, లైబ్రేరియన్ తల్లికే జవాబు చెబుతారు, పిల్ల ఫ్యాను వైపు చూస్తూ ఉంటుంది. ‘ఏ క్లాసమ్మా?’ అన్న ప్రశ్న కూడా అంత పనికిరాదు. పిల్లవైపే చూసి, ‘ఇదివరకు చదివినవాటిలో ఏది నచ్చింది? టీవీలో ఏం చూస్తావమ్మా?’ అంటే దారి దొరుకుతుంది. దయ్యాలంటే ఇష్టమన్న పిల్లకు మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాలి, ఒక్కోదాని గురించి రెండు వాక్యాలు చెప్పాలి, తర్వాత పక్కకు తప్పుకోవాలి. పక్కనే నిలబడితే మర్యాదకు ఒకటి తీసుకుని చదవకుండా తెచ్చిస్తుంది.

కష్టమో సులువో తేల్చడానికి ఐదు వేళ్ల పద్ధతి చాలు. మధ్యలో ఒక పేజీ తనలో తాను చదువుకుంటూ తెలియని మాటకొక వేలు ముడవాలి. పిడికిలి మూసుకుపోతే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు. పైకి చదివించి పరీక్ష పెట్టకూడదు, నలుగురిలో తడబడినవాడు మళ్లీ గడప తొక్కడు. వెనకబడినవాళ్లకు అ–ఆ పుస్తకాలు ఇవ్వడం ఇంకా పెద్ద పొరపాటు. వాడి చదువు రెండో తరగతిదే కావచ్చు, మనసు మాత్రం ఆరో తరగతిది. బొమ్మల కథలు, నవ్వులాటలు, ఆటగాళ్ల గురించి పేజీకి నాలుగు వాక్యాలుండే పుస్తకాలు వాడికి పనికొస్తాయి, అట్ట చూసి ఎవరూ వెక్కిరించరు కూడా.

రోజూ వచ్చే గిరాకీ ‘ప్రాజెక్టు వర్కు’. ‘నీటి కాలుష్యం బొమ్మలు కావాలి సార్’ అని రాత్రి లోపల చార్టు అతికించవలసిన పిల్లవాడు వస్తాడు. విసుక్కోకుండా దీన్ని ఎరగా వాడుకోవచ్చు. చించడానికి పనికొచ్చే పాత పత్రికలు ఒక పెట్టెలో, విషయం ఉన్న పుస్తకం బల్ల మీద. బొమ్మ పెట్టెలోంచి, కింద రాసే రెండు వాక్యాలు పుస్తకంలోంచి. పెట్టె లేకపోతే పుస్తకంలో బొమ్మ మాయమవుతుంది, అది ఖాయం.

ఈ వయసు పిల్లలకు కథల కన్నా బాధ్యత ఎక్కువ నచ్చుతుంది. తేదీ ముద్ర వేయడం, క్రేటు సర్దడం, కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం వాళ్లకు అప్పగించొచ్చు. వారానికి ఇద్దరు చొప్పున, పేర్లు బోర్డు మీద రాసి. చిరిగిన పుస్తకాల మరమ్మతు కూడా చేయగలరు, ఒక్క షరతు: సెల్లో టేపు తాకకూడదు. అది నాలుగైదేళ్లలో పసుపుపచ్చగా మారి ఊడిపోతుంది, జిగురు మరక మాత్రం కాగితంలోనే ఉండిపోతుంది. చిరుగు మీద పలచటి కాగితం ముక్కను, రెండు పాళ్ల తెల్ల బంకకు ఒక పాలు నీళ్లు కలిపి అతికించి, పై పేజీ అంటుకోకుండా మధ్యలో ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి, రాత్రంతా ఇటుక కింద ఉంచాలి. మధ్య పిన్నులు తుప్పు పట్టినవైతే పెద్దవాళ్లు తీసేసి, మూడు రంధ్రాలు చేసి దారంతో కుట్టాలి. బైండింగు చేసేవాళ్లు పురుగు పట్టకుండా మైదా గంజిలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతికి ఇవ్వకూడదు. తాను అతికించి బాగుచేసిన పుస్తకాన్ని ఎవరైనా మడిచి పట్టుకుంటే ఆ పిల్లే వెళ్లి కేకలేస్తుంది.

కంప్యూటరు ఉన్నచోట తెర హాలువైపు తిరిగి ఉండాలి, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ఫొటోల విషయంలో జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. పేరు, బడి, తరగతితో సహా పిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు మానుకోవలసిందే. సభ్యత్వ ఫారంలోనే తల్లిదండ్రుల అనుమతికి ఒక గడి పెట్టొచ్చు.

సందర్శకుల రిజిస్టరులో సంతకాల సంఖ్య చూసి ఏమీ తెలియదు. ఒక్క నోటుపుస్తకంలో నెలకు మూడు అంకెలు రాయాలి: ఈ వయసు పిల్లలు ఇంటికి తీసుకెళ్లిన పుస్తకాలెన్ని, పోయిన నెల వచ్చినవాళ్లలో ఈ నెలా వచ్చినవాళ్లు ఎందరు, వాళ్లలో ఆడపిల్లలు ఎందరు. మొదటిది పెరిగి రెండోది తగ్గుతుంటే పుస్తకాలు వెళుతున్నాయి గానీ చదవడం లేదని అర్థం. మూడోది తగ్గితే వేళనూ, దీపాన్నీ, గడియనూ చూసుకోవాలి.

ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లలు ఈ ర్యాకు దగ్గర ఇమడరు, పెద్దల అరలోకి వెళ్లడానికి జంకుతారు. చాలామంది ఇక్కడే జారిపోయి, పదేళ్ల తర్వాత గైడు పట్టుకుని ఆ హాల్లో కుర్చీ కోసం వస్తారు. పదమూడో పుట్టినరోజుకు వాళ్ల కార్డు వెనక ‘అన్ని అరలూ’ అని రాసి ముద్ర వేసి ఇవ్వాలి. పెద్దల కథల అరలోంచి వాళ్లకు నచ్చేవి పదిహేను తీసి, పాత ర్యాకుకూ ఆ అరకూ మధ్య ఒక బల్ల మీద పరిచి ఉంచాలి. ఆ పదిహేనూ ప్రతి నెలా మారుతుండాలి.